వికెట్ కీపర్ల అలసట, శారీరక దారుఢ్యం

క్రికెట్ ఆటలో వికెట్ల వెనుక నిలిచి, ప్రతి బంతికీ గొంతుక్కూర్చుని లేచే ఆటగాడిని వికెట్ కీపరు అంటారు. ఆ శ్రమ వలన అతని కాళ్ళలో, నడుములో, చేతులలో, ఏకాగ్రతలో క్రమంగా పేరుకొనే బడలికను వికెట్ కీపరు అలసట అని చెప్పవచ్చును. ఈ అలసట ఒక రోజుతో తీరేది కాదు. సీజన్ మొదట్లో తెలియకుండా మొదలై, చివరి నెలల్లో జారిపోయిన క్యాచ్‌ల రూపంలోనూ, మోకాలి నొప్పుల రూపంలోనూ బయటపడుతుంది. అమెరికా, జపాన్ దేశాలలో ప్రసిద్ధమైన బేస్‌బాల్ ఆటలో క్యాచర్ అనే ఆటగాడు ఇటువంటి పనినే చేస్తాడు. అందువలన ఈ రెండు ఆటల అనుభవాలు ఒకదానికొకటి ఉపయోగపడుతున్నాయి.

బౌలరు వేసిన ఓవర్లను అందరూ లెక్కపెడతారు. కీపరు ఎన్నిసార్లు కూర్చుని లేచాడో స్కోరు పుస్తకంలో ఎక్కడా ఉండదు. కీపర్ల అలసటను ఆలస్యంగా గుర్తించడానికి ముఖ్యకారణం ఇదే.

కీపరు పని పరిమాణం

కీపరు శ్రమను అంచనా వేయడానికి సామాన్య గణితం చాలును. నోబాల్స్, వైడ్లు కలపకుండా లెక్కవేసినా జట్టు మొత్తం ఓవర్లు ఫీల్డింగ్ చేసినప్పుడు కీపరు కింది విధంగా కూర్చుని లేవవలసి ఉంటుంది.

* ట్వంటీ20 మ్యాచ్ (20 ఓవర్లు): 120 సార్లు
* ఒకరోజు మ్యాచ్ (50 ఓవర్లు): 300 సార్లు
* టెస్టు లేదా రంజీ మ్యాచ్‌లో ఒక పూర్తి రోజు (90 ఓవర్లు): 540 సార్లు

దీనికి నడక, పరుగు అదనం. పిచ్ పొడవు 22 గజాలు. రెండు వైపులా ఫాస్ట్ బౌలర్లు బౌలింగ్ చేస్తుంటే కీపరు స్టంపులకు సుమారు 18 గజాల వెనుక నిలబడతాడని అనుకుందాం. అప్పుడు ఓవరు మారిన ప్రతిసారీ అతడు ఒక కొస నుండి మరొక కొసకు 58 గజాలు నడవాలి. 90 ఓవర్ల రోజులో ఇటువంటి మార్పులు 89 ఉంటాయి. అంటే కేవలం స్థలం మారడానికే సుమారు 4.7 కిలోమీటర్లు నడవవలసి వస్తుంది. బ్యాట్స్‌మన్ బంతిని కొట్టిన ప్రతిసారీ ఫీల్డరు విసిరే బంతిని అందుకొనడానికి స్టంపుల దగ్గరకు పరుగెత్తడం ఈ లెక్కలోకి రాదు.

మిగిలిన ఫీల్డర్లకు బంతి తమ వైపు రాని ఓవర్లు ఉంటాయి. కీపరుకు అటువంటి ఓవరు ఉండదు. బ్యాట్స్‌మన్ వదిలివేసిన బంతులన్నీ, తప్పిపోయిన బంతులన్నీ అతని వద్దకే వస్తాయి. చాలా జట్లలో కీపరే ముఖ్యమైన బ్యాట్స్‌మన్ కూడా కావడం వలన, ఫీల్డింగ్ ముగించి గ్లవ్స్ తీసిన కొద్దిసేపటికే ప్యాడ్లు మార్చుకొని బ్యాటింగ్‌కు దిగవలసి రావచ్చును.

అలసట కలిగే విధానం

కాళ్ళు

కీపరు కూర్చునే భంగిమ ఇళ్ళలోనూ పొలాలలోనూ మనం చూసే గొంతుక్కూర్చోవడం వంటిది కాదు. మిరప చేలలో కలుపు తీసేవారు మడమలు నేలకు ఆనించి, తొడలు పిక్కల మీద మోపి కూర్చుంటారు. ఆ స్థితిలో బరువును చాలావరకు ఎముకలు, కీళ్ళు మోస్తాయి. కీపరు మాత్రం మునివేళ్ళ వెనుకభాగం మీద బరువు ఉంచి, ఏ పక్కకైనా దూకడానికి సిద్ధంగా ఉండాలి. అందుచేత తొడ ముందు కండరాలు, పిరుదుల కండరాలు, పిక్కలు విశ్రాంతి లేకుండా బిగిసి ఉంటాయి. మోకాలు బాగా ముడిచినప్పుడు మోకాటిచిప్ప వెనుకభాగం తొడ ఎముకకు గట్టిగా ఒత్తుకుంటుంది. తొడ కండరాలు అలసి పట్టు తప్పినకొద్దీ ఈ ఒత్తిడిని మృదులాస్థి భరించవలసి వస్తుంది.

నడుము, తుంటి

కాళ్ళు అలసిన కీపరు తుంటిని దించకుండా నడుమును వంచి పని గడుపుకొంటాడు. దీనివలన వెన్ను కింది భాగం మీద భారం పెరుగుతుంది. తొడల లోపలి కండరాలు బిగుసుకొని పోవడం, పక్కకు దూకినప్పుడు గజ్జల్లో కండరం పట్టడం కూడా కీపర్లలో తరచుగా కనిపిస్తాయి.

చేతులు

బంతి వందలసార్లు అరచేతులకు తగులుతుంది. వేళ్ళ కీళ్ళు వాయడం, వేళ్ళు విరగడం కీపర్లకు కొత్త కాదు. చేతులు నొప్పిగా ఉన్న కీపరు బంతిని వెనక్కు తీసుకుంటూ మెత్తగా పట్టడానికి బదులు ముందుకు చేతులు చాచి లాక్కుంటాడు. అప్పుడు బంతి ఎగిరిపడుతుంది.

ఎండ, నీరు

చెమట ద్వారా శరీరం నీటిని, ఉప్పును కోల్పోతుంది. శరీర బరువులో సుమారు 2 శాతం నీరు తగ్గితే శ్రమ చేసే శక్తి, ఏకాగ్రత తగ్గడం మొదలవుతుందని క్రీడావైద్యులు చెబుతారు. 50 కిలోల బరువు గల బాలుడి విషయంలో ఇది ఒక కిలో మాత్రమే. కాళ్ళకు ప్యాడ్లు, చేతులకు రెండు పొరల గ్లవ్స్, స్పిన్నర్లకు దగ్గరగా నిలిచినప్పుడు తలకు హెల్మెట్ ధరించే కీపరుకు వేడి బయటకు పోయే మార్గం తక్కువ.

ఏకాగ్రత

కీపరు ఏకాగ్రత నిరంతరంగా ఉండదు, ఉండనవసరం లేదు కూడా. బౌలరు పరుగు మొదలుపెట్టినప్పటి నుండి బంతి ఆట ముగిసేవరకు కొన్ని సెకండ్లపాటు పూర్తి ధ్యానం ఉంచి, తర్వాత మనసును వదులు చేయడం మంచి కీపర్ల పద్ధతి. నిద్ర తక్కువైనప్పుడు, ప్రయాణాలు ఎక్కువైనప్పుడు ఈ వదులు చేసి మరల బిగించే శక్తి ముందుగా దెబ్బతింటుంది.

సీజన్ చివర కనిపించే లక్షణాలు

అలసిన కీపరు పడిపోడు, కుంటడు. అందుకే అతని అలసట పక్కవారికి తెలియదు. గమనించేవారికి మాత్రం కింది గుర్తులు కనిపిస్తాయి.

* బంతి పిచ్ మీద పడకముందే లేచి నిలబడటం. స్పిన్ బౌలింగ్‌లో బంతి తక్కువ ఎత్తులో వచ్చినప్పుడు ఇది బై పరుగులకు దారితీస్తుంది.
* కాళ్ళు కదపకుండా చేతులు మాత్రమే పక్కకు చాచడం.
* బరువు మడమల మీదికి వెళ్ళడం.
* లెగ్ సైడు బంతులకు ఆలస్యంగా కదలడం.
* ఫీల్డరు విసిరిన బంతిని స్టంపుల వద్దకు చేరకుండా మధ్యలోనే అందుకోవడం.
* ఓవర్ల మధ్య పరుగెత్తే కీపరు నడవడం, మాటలాడే కీపరు మౌనంగా ఉండటం.
* ఉదయం మెట్లు దిగేటప్పుడు మోకాటిచిప్ప చుట్టూ నొప్పి.

వీటిలో మొదటిది చాలా ముఖ్యమైనది. బంతితోపాటు పైకి లేవడం కీపింగ్ విద్యలో మొదటి పాఠం. ఆ పాఠం నేర్చిన కీపరు దానిని మరచిపోతున్నాడంటే చాలాసార్లు లోపం అతని నేర్పులో కాక తొడల్లో ఉంటుంది. ఈ తేడా తెలియని శిక్షకుడు అలసిన కీపరు చేత మరికొన్ని గంటలు సాధన చేయిస్తాడు. దానితో అలసట మరింత పెరుగుతుంది.

తెలుగు కీపర్లు

పోచయ్య కృష్ణమూర్తి (1947-1999) హైదరాబాదు జట్టు కీపరు. 1971లో వెస్టిండీస్ పర్యటనలో భారతదేశం తరఫున ఐదు టెస్టులు ఆడాడు. ఆ సిరీస్‌ను భారత్ 1-0 తేడాతో గెలిచింది. ఆ జట్టులో బేడీ, ప్రసన్న, వెంకటరాఘవన్ ఉండటం వలన కీపరు ఎక్కువ సమయం స్టంపులకు ఆనుకొని కూర్చోవలసి వచ్చేది. స్టంపులకు దగ్గరగా ఉన్నప్పుడు నడక తగ్గుతుంది గాని, కిందనే ఎక్కువసేపు ఉండవలసి రావడం చేత తొడల శ్రమ పెరుగుతుంది.

మన్నవ శ్రీకాంత్ ప్రసాద్ (ఎం.ఎస్.కె.ప్రసాద్) 1975 ఏప్రిల్ 24న గుంటూరు జిల్లా మేడికొండూరులో జన్మించాడు. ఈ ఊరు గుంటూరు నుండి సత్తెనపల్లి వెళ్ళే దారిలో, పల్నాడుకు పొరుగున ఉంది. ఆంధ్ర జట్టు నుండి ఎదిగి 1998-2000 మధ్య భారతదేశం తరఫున 6 టెస్టులు, 17 ఒకరోజు మ్యాచ్‌లు ఆడాడు. 2016 నుండి 2020 వరకు భారత జట్టు ఎంపిక సంఘానికి అధ్యక్షుడిగా పనిచేశాడు. పల్నాడు ప్రాంతపు బాలురకు కీపింగ్‌లో అతి సమీపంలో ఉన్న ఆదర్శం ఇతడే.

కోన శ్రీకర్ భరత్ 1993 అక్టోబరు 3న విశాఖపట్నంలో జన్మించాడు. 2015 ఫిబ్రవరిలో ఒంగోలులో గోవా జట్టుపై 308 పరుగులు చేసి, రంజీ ట్రోఫీలో త్రిశతకం సాధించిన మొదటి వికెట్ కీపరు అయ్యాడు. 2021 నవంబరులో కాన్పూరులో న్యూజీలాండ్‌తో జరిగిన టెస్టు మూడవ రోజున భారత కీపరు వృద్ధిమాన్ సాహాకు మెడ పట్టేయడంతో, జట్టులో లేని భరత్ సబ్‌స్టిట్యూట్‌గా వికెట్ల వెనుకకు వచ్చాడు. బంతి తక్కువ ఎత్తులో వస్తున్న ఆ పిచ్ మీద రెండు క్యాచ్‌లు పట్టి, ఒక స్టంపింగ్ చేశాడు. అలసిన, నొప్పితో ఉన్న కీపరు స్థానంలో తాజా కాళ్ళు గల కీపరు వస్తే ఏమి జరుగుతుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. 2023 ఫిబ్రవరిలో నాగపూరులో ఆస్ట్రేలియాపై భరత్ తన మొదటి టెస్టు ఆడాడు.

2024 జనవరిలో హైదరాబాదులోని ఉప్పల్ మైదానంలో ఇంగ్లాండుతో జరిగిన టెస్టు భరత్‌కు కఠినమైన పరీక్ష. ఇంగ్లాండు మొదటి ఇన్నింగ్స్‌లో 64.3 ఓవర్లు, రెండవ ఇన్నింగ్స్‌లో 102.1 ఓవర్లు ఆడింది. రెండూ కలిపితే సరిగా వెయ్యి బంతులు. మ్యాచ్ నాలుగు రోజుల్లో ముగిసింది. అంటే నాలుగు రోజుల్లో ఒక కీపరు కనీసం వెయ్యిసార్లు కూర్చుని లేచాడు. అందులో ఎక్కువ భాగం అశ్విన్, జడేజా, అక్షర్ పటేల్‌ల స్పిన్ బౌలింగ్‌కు స్టంపుల వద్దనే. మధ్యలో అతడు బ్యాటింగ్ చేసి 41, 28 పరుగులు సాధించాడు. నాలుగు రోజుల విరామం తర్వాత ఫిబ్రవరి 2న తదుపరి టెస్టు విశాఖపట్నంలో మొదలైంది. స్కోరు కార్డులో ఈ వెయ్యి సంఖ్య కీపరు పేరు ఎదుట కనిపించదు.

ఇతర దేశాల అనుభవాలు

బేస్‌బాల్ క్యాచర్లు

బేస్‌బాల్‌లో పిచర్ 60 అడుగుల 6 అంగుళాల దూరం నుండి విసిరే బంతిని బ్యాటరు వెనుక కూర్చున్న క్యాచర్ పట్టుకొంటాడు. ముఖానికి జాలీ తొడుగు, ఛాతీకి కవచం, కాళ్ళకు రక్షణలు ధరిస్తాడు. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో సుమారు 130 నుండి 150 బంతులకు కూర్చుంటాడు. పట్టిన బంతిని ప్రతిసారీ పిచర్‌కు తిరిగి విసురుతాడు. ఒక ఆటను మాత్రమే చూస్తే కీపరు పనికంటే ఇది తక్కువ. అయితే అమెరికా మేజర్ లీగ్‌లో ప్రతి జట్టూ మార్చి చివరి నుండి సెప్టెంబరు చివరి వరకు 162 ఆటలు ఆడుతుంది. దాదాపు ప్రతి రోజూ ఆట ఉంటుంది. సీజన్ చివరి అలసట అనే మాట క్యాచర్ల విషయంలో ఎక్కువగా వినిపించడానికి కారణం ఇదే.

1968లో షికాగో కబ్స్ జట్టు క్యాచర్ రాండీ హండ్లీ ఒకే సీజన్‌లో 160 ఆటలలో క్యాచర్‌గా ఆడి రికార్డు నెలకొల్పాడు. తర్వాత 1970, 1971 సీజన్లలో మోకాలి గాయాల వలన చాలా తక్కువ ఆటలు మాత్రమే ఆడగలిగాడు. సిన్సినాటి జట్టు క్యాచర్ జానీ బెంచ్ వరుసగా 13 సీజన్లలో నూరుకు పైగా ఆటలలో క్యాచర్‌గా ఉన్నాడు. తన చివరి మూడు సీజన్లలో (1981-1983) ఎక్కువగా వేరే స్థానాలలో ఆడాడు. మూడుసార్లు తన లీగ్‌లో బ్యాటింగ్ సగటులో ప్రథమస్థానం పొందిన జో మావర్, 2013లో తలకు తగిలిన దెబ్బ కారణంగా 2014 నుండి క్యాచర్ స్థానాన్ని వదిలి ఫస్ట్ బేస్‌కు మారాడు.

ఈ అనుభవాల నుండి అమెరికా జట్లు కొన్ని పద్ధతులు అలవరచుకొన్నాయి. ప్రతి జట్టులో ఇద్దరు క్యాచర్లు ఉంటారు. రాత్రి ఆట ఆడిన క్యాచర్‌కు మరునాటి పగటి ఆటలో విశ్రాంతి ఇవ్వడం పాత సంప్రదాయం. క్యాచర్ కొన్ని రోజులు కేవలం బ్యాటింగ్ మాత్రమే చేయడానికి నిబంధనలలో వీలున్నది. ఇటీవలి సంవత్సరాలలో చాలామంది క్యాచర్లు ఒక మోకాలు నేలకు ఆనించి కూర్చుంటున్నారు. క్రికెట్ కీపరుకు ఈ చివరి పద్ధతి పనికిరాదు. బంతి నేలను తాకి ఏ దిక్కుకైనా తిరగవచ్చును గనుక అతని రెండు పాదాలూ కదలడానికి సిద్ధంగా ఉండాలి.

క్రికెట్

శ్రీలంక ఆటగాడు కుమార సంగక్కర టెస్టులలో కీపరుగా ఆడినప్పుడు సగటున 40 పరుగులు చేశాడు. గ్లవ్స్ వదలి కేవలం బ్యాట్స్‌మన్‌గా ఆడిన టెస్టులలో అతని సగటు 66 దాటింది. మహేంద్రసింగ్ ధోనీ 2014 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టు తర్వాత టెస్టుల నుండి విరమించుకొన్నాడు. అన్ని రకాల ఆటలూ ఆడటం వలన కలిగే ఒత్తిడి అందుకు కారణమని క్రికెట్ బోర్డు ప్రకటించింది. 2023 ఐపీఎల్‌ను మోకాలి నొప్పితోనే ఆడి, పోటీ ముగిసిన వెంటనే మోకాలికి శస్త్రచికిత్స చేయించుకొన్నాడు.

2017 వరకు క్రికెట్ నిబంధనల ప్రకారం సబ్‌స్టిట్యూట్ ఆటగాడు వికెట్ కీపింగ్ చేయకూడదు. ఆ సంవత్సరం అక్టోబరు నుండి అంపైర్ల అనుమతితో చేయవచ్చునని నిబంధన మారింది. కాన్పూరులో భరత్ ఆడగలిగింది ఈ మార్పు వలననే. 2025 జులైలో లార్డ్స్ టెస్టులో రిషభ్ పంత్ వేలికి దెబ్బ తగిలినప్పుడు ధ్రువ్ జురెల్ కీపింగ్ చేసినదీ ఇదే నిబంధన కింద.

లెక్కలోకి రాని శ్రమ

బాలలను ఎక్కువ శ్రమ నుండి కాపాడటానికి రెండు ఆటలలోనూ నియమాలున్నాయి. అమెరికాలోని లిటిల్ లీగ్ సంస్థ 2007 నుండి బాల పిచర్లు రోజుకు విసరదగిన బంతులకు వయసును బట్టి పరిమితి విధించింది. ఇంగ్లాండు క్రికెట్ బోర్డు బాల ఫాస్ట్ బౌలర్లు వేయదగిన ఓవర్లకు పరిమితి పెట్టింది. ఈ నియమాలన్నీ బంతి విసిరేవారి కోసం వచ్చినవి. పట్టేవారి విషయంలో లిటిల్ లీగ్‌లో ఒక నియమం ఉంది: ఒక ఆటలో నాలుగు లేదా అంతకు మించిన ఇన్నింగ్స్ క్యాచర్‌గా ఉన్న బాలుడు ఆ రోజు పిచర్‌గా బంతులు విసరరాదు. ఇది కూడా అతని భుజాన్ని కాపాడే నియమమే కాని మోకాళ్ళను కాపాడేది కాదు.

కీపరు విషయంలో లెక్క తేలికగా పెట్టవచ్చును. స్కోరు పుస్తకంలో తన జట్టు ఫీల్డింగ్ చేసిన ఓవర్లను ఆరుతో గుణిస్తే చాలు. సాధనలో పట్టిన బంతులను దానికి కలపాలి. వారం వారం ఈ సంఖ్యను ఒక నోటుపుస్తకంలో రాసుకొంటే, గత వారం కంటే ఈ వారం పని అకస్మాత్తుగా పెరిగిందా అన్నది తెలుస్తుంది. క్రమంగా పెరిగే పనికి శరీరం అలవాటుపడుతుంది. ఒక్కసారిగా రెట్టింపైన పని గాయానికి దారితీస్తుంది.

పల్నాడులో పరిస్థితులు

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడింది. మాచర్ల, గురజాల ప్రాంతాల నేలలో నాపరాయి ఎక్కువ. గురజాల, మాచర్లల సమీపాన గల రెంటచింతల ఆంధ్రప్రదేశ్‌లో అత్యధిక వేసవి ఉష్ణోగ్రతలకు పేరుపొందిన ఊరు. మే నెలలో అక్కడ ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరుతుంది.

పాఠశాలలకు, కళాశాలలకు సెలవులు ఉండేది సంక్రాంతికీ వేసవిలోనూ కనుక గ్రామీణ క్రికెట్ పోటీలు కూడా ఎక్కువగా ఆ రోజుల్లోనే జరుగుతాయి. కీపరు విషయానికి వస్తే దీనివలన మూడు చిక్కులు కలుగుతున్నాయి. మొదటిది, పరీక్షల కాలమంతా కూర్చుని చదివిన బాలుడు ఏ సన్నాహమూ లేకుండా ఒక్కసారిగా రోజుకు రెండు మూడు మ్యాచ్‌లు ఆడతాడు. రోజుకు మూడు 20 ఓవర్ల మ్యాచ్‌లంటే 360 సార్లు కూర్చుని లేవడం. రెండవది, గట్టి నేల మీద మోకాళ్ళు, మోచేతులు ఆనించి దూకవలసి రావడం. మూడవది, ఊరి జట్టుకు సాధారణంగా ఒకే జత గ్లవ్స్ ఉంటాయి, ఒకే కీపరు ఉంటాడు. అతడు వద్దంటే చేసేవారు లేరు గనుక వద్దనడు.

దారుఢ్య సాధన

సీజన్‌కు ముందు

పోటీలకు ఆరు నుండి ఎనిమిది వారాల ముందు సాధన ప్రారంభించడం మంచిది. దీనికి వ్యాయామశాల అవసరం లేదు.

* గుంజీలు: బడిలో శిక్షగా పేరుపడిన గుంజీలే కీపరుకు మూలవ్యాయామం. వెన్ను నిటారుగా, మోకాలు పాదం దిక్కునే ఉండేటట్లు నెమ్మదిగా దిగి లేవాలి. పదేసి చొప్పున మూడు విడతలతో మొదలుపెట్టి వారానికి కొద్దిగా పెంచాలి.
* అడుగు ముందుకు వేసి వంగడం: ఒక కాలు ముందుకు వేసి రెండవ మోకాలు నేలకు దగ్గరగా దించి లేవడం. పక్కలకు కూడా ఇదే విధంగా చేస్తే తొడల లోపలి కండరాలు బలపడతాయి.
* పిక్కల వ్యాయామం: మెట్టు అంచున ఒంటికాలి మీద నిలిచి మడమను ఎత్తి దించడం.
* నడుముకు బలం: మోచేతులు, మునివేళ్ళ మీద శరీరాన్ని బల్లవలె నిలపడం. అర నిమిషంతో మొదలుపెట్టవచ్చును.
* పక్క అడుగులు: కూర్చున్న భంగిమ నుండి ఎడమకు రెండడుగులు, కుడికి రెండడుగులు కదలడం.
* పరుగు: వారానికి రెండు మూడుసార్లు ఇరవై గజాల చిన్న పరుగులు. దూరపు పరుగు మాత్రమే చేస్తే కీపరుకు కావలసిన చురుకుదనం రాదు.

వేడికి అలవాటు పడటానికి శరీరానికి 7 నుండి 14 రోజులు పడుతుంది. మొదటి రోజులలో ఎండలో తక్కువ సమయం గడిపి క్రమంగా పెంచాలి.

సీజన్ నడుస్తుండగా

సీజన్ మొదలైన తర్వాత బలం పెంచడం కన్నా ఉన్న బలాన్ని నిలుపుకోవడం ముఖ్యం. వ్యాయామాన్ని పూర్తిగా మానివేస్తే కొన్ని వారాలలోనే కండరాల బలం తగ్గుతుంది. వారానికి రెండు చిన్న విడతల వ్యాయామం సరిపోతుంది. మ్యాచ్ మరునాడు కీపింగ్ సాధన చేయించకూడదు. సాధనలో కూడా అన్ని బంతులకూ పూర్తిగా కూర్చోనవసరం లేదు. చేతుల సాధనను నిలబడి, గోడకు బంతి విసిరి పట్టుకొంటూ చేయవచ్చును.

నిద్రను మించిన మందు లేదు. 13 నుండి 18 ఏళ్ళ వయసువారికి 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని నిద్రా వైద్య నిపుణుల సంఘాలు సూచిస్తున్నాయి.

మ్యాచ్ రోజున

ఆటకు ముందు, తర్వాత బరువు చూసుకొంటే ఎంత నీరు కోల్పోయినదీ తెలుస్తుంది. తగ్గిన ప్రతి కిలోకు ఒకటి నుండి ఒకటిన్నర లీటర్ల నీరు కొన్ని గంటలలో తీసుకోవాలి. ఎక్కువ చెమట పట్టినప్పుడు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, ఓఆర్ఎస్ కలిపిన నీరు ఉత్త నీటికంటే మేలు. దాహం వేసేవరకు ఆగకుండా ప్రతి విరామంలోనూ తాగాలి. బంతికీ బంతికీ మధ్య పూర్తిగా నిలబడి కాళ్ళు వదులు చేయాలి. బౌలరు పరుగు మొదలుపెట్టిన తర్వాత కూర్చుంటే చాలు.

రెండవ కీపరు

జట్టులో మరొకరికి కీపింగ్ నేర్పడం దారుఢ్య సాధనలో భాగంగానే పరిగణించాలి. రోజుకు రెండు మ్యాచ్‌లుంటే ఒకదానిలో రెండవ కీపరు గ్లవ్స్ ధరించాలి. దీనివలన మొదటి కీపరుకు ఫీల్డింగ్‌లో విశ్రాంతి దొరుకుతుంది, రెండవవాడికి అనుభవం వస్తుంది. మ్యాచ్ మధ్యలోనే గాయమైతే జట్టు చిక్కున పడదు.

బాలలు, ప్రమాద సూచనలు

10 నుండి 15 ఏళ్ళ మధ్య ఎముకలు వేగంగా ఎదుగుతాయి. ఈ వయసులో మోకాటిచిప్పకు కొంచెం కింద, ముంగాలి ఎముక పైభాగాన గడ్డవలె వాచి, గొంతుక్కూర్చున్నప్పుడు నొప్పి కలగవచ్చును. దీనిని ఆస్గుడ్-ష్లాటర్ వ్యాధి అంటారు. ఎక్కువమందిలో విశ్రాంతితో, ఎదుగుదల పూర్తికావడంతో తగ్గిపోతుంది. నొప్పిని దిగమింగి ఆడటం వలన ఆలస్యంగా తగ్గుతుంది. మోకాలు వాయడం, మధ్యలో పట్టేయడం, నిలబడినప్పుడు తప్పిపోయినట్లు అనిపించడం జరిగితే వైద్యునికి చూపించాలి.

వడదెబ్బ ప్రాణాంతకం. ఆటగాడు తికమకగా మాట్లాడటం, తూలడం, స్పృహ తప్పడం దాని గుర్తులు. అతనికి చెమట పడుతూనే ఉండవచ్చును. చెమట ఉన్నది కదా అని నిర్లక్ష్యం చేయకూడదు. వెంటనే నీడకు చేర్చి, ప్యాడ్లు, గ్లవ్స్ విప్పి, ఒంటినిండా చల్లని నీరు పోస్తూ 108 అంబులెన్సును పిలవాలి. స్పృహ లేనివారికి నోట నీరు పోయరాదు.

క్యాచ్ వదిలిన కీపరును అందరూ నిందిస్తారు. అది ఆ రోజు అతడు కూర్చుని లేచిన ఎన్నో వందలవ బంతి అన్న ప్రశ్న ముందుగా అడగడం శిక్షకుల, తల్లిదండ్రుల బాధ్యత.

ఇవి కూడా చూడండి

* క్రికెట్
* వికెట్ కీపర్
* బేస్‌బాల్
* ఎం.ఎస్.కె.ప్రసాద్
* కోన శ్రీకర్ భరత్
* పల్నాడు జిల్లా
* రెంటచింతల
* వడదెబ్బ